పేరు పెట్టి ప్రార్థన

మంగళవారం ఉదయం సరిగ్గా తొమ్మిది గంటలకు హాలిస్టర్ గారి పరువు తీయాలని జ్ఞానసుందరమ్మ నిర్ణయించుకుంది. ఎనిమిదిన్నరకల్లా ఉప్మా తినేసి, గిన్నె కడిగి బోర్లించి, టెలిఫోన్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. ఒంగోలు మిషన్ హైస్కూల్లో ముప్ఫై ఒక్క ఏళ్ళు లెక్కలు చెప్పిన మనిషి. పరువు తీయడమైనా సరే, పద్ధతి ప్రకారం తీయవలసిందే.

అది 1986 అక్టోబరు. ఊరు జార్జియాలోని అల్ఫారెట్టా. భర్త ప్రకాశం గారు పోయి పద్నాలుగు నెలలైంది. అప్పటినుంచీ ఆమె కూతురు సుమతి దగ్గరే ఉంటున్నది. సుమతి ఆసుపత్రిలో నర్సు. ఊరి లైబ్రరీలో మంగళ, గురువారాల సాయంత్రం చదువు రాని పెద్దవాళ్ళకు చదువు చెప్పే క్లాసు ఒకటుందని తెలిసి, జీతం లేని ఆ పనిలో జ్ఞానసుందరమ్మ వచ్చిన నెలలోనే చేరిపోయింది. ఆ రెండు రోజులూ ఆమెకు టైమెంతయిందో గుర్తుండేది కాదు. మిగతా ఐదు రోజులూ గడియారం కేసి చూస్తూ కూర్చునేది.

ఆ క్లాసులో ఓడెల్ అని అరవై ఎనిమిదేళ్ళ రైతు ఉన్నాడు. యుద్ధానికి వెళ్ళినప్పుడు భార్య రాసిన ఉత్తరాలు పదకొండు అతని దగ్గరున్నాయి. అప్పట్లో వాటిని తోటి సిపాయిలు చదివి వినిపించారు. ఇప్పుడు భార్య లేదు. వాటిని తనంతట తాను చదువుకోవాలని బడికి వచ్చాడు. మూడో ఉత్తరం దాకా వచ్చాడు.

ఇంతలో హాలిస్టర్ అనే కాంట్రాక్టరు కౌంటీ కమిషనర్ పదవికి నిలబడ్డాడు. తాను గెలిస్తే ఆ పాత లైబ్రరీని పడగొట్టించి, పక్కన కడుతున్న షాపింగ్ సెంటర్‌కు కార్లు నిలిపే చోటు చేస్తానన్నాడు. దానికి అభివృద్ధి అని పేరు పెట్టాడు. అతని మీద పోటీ చేస్తున్న ప్రూయిట్ గారు రిటైరైన హెడ్మాస్టరు. ఇరవై రెండేళ్ళుగా సండే స్కూల్లో పాఠాలు చెబుతున్నారు. లైబ్రరీ జోలికి ఎవరినీ రానివ్వనన్నారు. అయినా జ్ఞానసుందరమ్మ వెళ్ళే బాప్టిస్టు చర్చివాళ్ళలో సగం మంది ఇళ్ళ ముందు హాలిస్టర్ బోర్డులే ఉన్నాయి. అతని కరపత్రం మీద పెద్ద అక్షరాలతో 'దేవుడు, కుటుంబం, దేశం' అని ఉండటమే కారణం. నిజానికి ఆ మూడింటిలో కుటుంబాలు మాత్రం అతనికి ఒకటికి మించి ఉన్నాయి.

జ్ఞానసుందరమ్మ రెండు వారాలు లైబ్రరీలో పాత వార్తాపత్రికలు తిరగేసి నోటుబుక్కులో రాసుకుంది. మూడు పెళ్ళిళ్ళు, మూడు విడాకులు. తాగి కారు నడిపి రెండుసార్లు పట్టుబడటం. పదకొండేళ్ళుగా ఏ గుడి గుమ్మమూ తొక్కకపోవడం.

"అమ్మా, నీకు ఓటే లేదు. ఎందుకీ టెన్షన్?" అంది సుమతి, డ్యూటీకి బయల్దేరుతూ.

"ఓటు లేకపోతే ఏమే? నోరుంది. ప్రార్థన చేస్తాను."

"ప్రార్థన చేస్తే ఓడిపోతాడా?"

"పేరు పెట్టి చేస్తే ఓడిపోతాడు. మన యోహాను గారి సంగతి మర్చిపోయావా?"

సుమతి మర్చిపోలేదు. ఒంగోలులో సంఘపెద్ద యోహాను గారి పేరు ఒక ఆదివారం స్త్రీల ప్రార్థనలో వినబడింది. "ప్రభువా, మా యోహాను గారిని జ్ఞాపకం చేసుకో" అన్నారంతే. ఎందుకని ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. శనివారానికల్లా ఆయన చీరాలకు ట్రాన్స్‌ఫర్ చేయించుకున్నాడు. ఒంగోలులో ఎవరి కోసమైనా పేరు పెట్టి ప్రార్థించారంటే చాటింపు వేసినట్టే.

"ఇది ఒంగోలు కాదమ్మా," అంది సుమతి కారు తాళాలు తీసుకుని.

"పాపం ఎక్కడైనా పాపమే. నువ్వు జాగ్రత్తగా డ్రైవ్ చెయ్యి."

చర్చిలో పద్నాలుగు మంది ఆడవాళ్ళ ప్రార్థన గొలుసు ఒకటుంది. ఎవరి కోసమైనా ప్రార్థించాలంటే మొదటావిడ రెండో ఆవిడకు ఫోన్ చేస్తుంది, రెండో ఆవిడ మూడో ఆవిడకు. అలా గంటలో ఊరంతా మోకాళ్ళ మీద ఉంటుంది. అందరి ఫ్రిజ్ తలుపుల మీదా ఆ వరస అంటించి ఉంటుంది. దాని కింద రెండు నియమాలు: ఏమీ కలపరాదు, చర్చించరాదు. పొద్దున్నే లేచే అలవాటును బట్టి ఆ నెల మొదటి స్థానం జ్ఞానసుందరమ్మకు ఇచ్చారు.

తొమ్మిది కొట్టగానే ఆమె వరసలో రెండో ఆవిడైన లొరేన్‌కు ఫోన్ చేసి నోటుబుక్కు చూస్తూ చెప్పింది. "హాలిస్టర్ గారి కోసం ప్రార్థన చేయాలి సిస్టర్. మూడు పెళ్ళిళ్ళు చేసుకుని ముగ్గురినీ వదిలేశారు. తాగుతారు. పదకొండేళ్ళుగా ఆరాధనకు రాలేదు."

అవతల ముక్కు చీదిన చప్పుడు వినబడింది. "ప్రభువుకు స్తోత్రం," అంది లొరేన్ గద్గదంగా.

ఇందులో స్తోత్రం చేయవలసింది ఏముందో జ్ఞానసుందరమ్మకు అర్థం కాలేదు. అయినా పని పూర్తయిందనుకుని, టీ పెట్టుకుంది.

లొరేన్ నియమం తప్పలేదు. ఏమీ కలపలేదు. కాకపోతే ఆలోచించింది. ఆ ఇండియా సిస్టర్ నోట ఎప్పుడూ ఒకరి గురించి చెడ్డమాట రాదు. పేపర్లో పడిందని ఊరివాళ్ళ తప్పులు మోసే మనిషి కాదు. అలాంటి మనిషికి ఇన్ని సంగతులు ఎలా తెలిశాయి? ఒక్కటే దారి. ఆయనే వచ్చి ఆమె దగ్గర ఒప్పుకుని ఉండాలి. 'సిస్టర్ దగ్గర ఒప్పుకున్నారు' అన్న మాటతో కబురు మూడో ఆవిడకు చేరింది. ఒప్పుకున్నవాడు ఏడవకుండా ఉంటాడా అనుకుంది మూడో ఆవిడ. ఏడ్చేవాడు నిలబడి ఏడుస్తాడా అనుకుంది ఐదో ఆవిడ. తొమ్మిదో ఆవిడకు చేరేసరికి హాలిస్టర్ జ్ఞానసుందరమ్మ ఇంటి వంటింట్లో మోకాళ్ళ మీద ఉన్నాడు. పదకొండో ఆవిడ తాతగారు మిషనరీల కోసం చందాలు పోగుచేసిన మనిషి. "వందేళ్ళ క్రితం మనవాళ్ళు ఒంగోలులో విత్తనం నాటి వచ్చారు. ఇవాళ ఆ చెట్టు పండు మన ఊళ్ళో రాలింది!" అని ఆమె ఫోన్లోనే పాట అందుకుంది.

బుధవారం ఉదయం సుమతి ఆసుపత్రి నుంచి ఫోన్ చేసింది.

"అమ్మా, హాలిస్టర్ మన కిచెన్‌లోకి ఎప్పుడొచ్చాడు?"

"ఎవరొచ్చారే?"

"నా వార్డులో పేషెంట్లందరూ నాకు కంగ్రాట్స్ చెబుతున్నారు. మన బోరింగు నీళ్ళతో నువ్వు ఆయనకి బాప్తిస్మం ఇచ్చావట."

"మనింట్లో బోరింగు ఎక్కడుందే!"

"అదే నేనూ చెప్పాను. అయితే బాత్‌టబ్ అయ్యుంటుందన్నారు."

జ్ఞానసుందరమ్మ వెంటనే లొరేన్‌కు ఫోన్ చేసింది. "సిస్టర్, ఆయన మా ఇంటికి రాలేదు. నా దగ్గర ఏమీ ఒప్పుకోలేదు. నేను పేపర్లో చదివాను, అంతే."

"నాకు తెలుసు సిస్టర్," అంది లొరేన్ ప్రేమగా. "చెప్పుకున్నవాళ్ళ రహస్యం మీరు బయట పెట్టరు."

"రహస్యం లేదమ్మా. అతను మంచివాడు కాడు!"

"మనలో మంచివాళ్ళెవరు సిస్టర్? ఆ మాటే మా ఆయనతో అన్నాను. ఆయన మొన్నటిదాకా ప్రూయిట్‌కి వేద్దామనుకున్నాడు. ఇప్పుడు బోర్డు మార్చేశాడు."

కాదన్న కొద్దీ అది వినయమైపోతోందని ఆమెకు తెలిసింది. పాస్టరు గారి దగ్గరికి నడిచి వెళ్ళింది. బ్రదర్ కార్ల్ ఆమె రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు. "మీకోసమే చూస్తున్నాను సిస్టర్! ఆయన్ని ఈ సాయంత్రం ప్రార్థన కూటానికి పిలిచాను. వస్తానన్నారు."

"ఎందుకు పిలిచారో చెప్పారా?"

"భోజనం ఉందని చెప్పాను. మిగతాది ఆయనకే తెలుసు కదా!"

ఆ సాయంత్రం హాలిస్టర్ వేయించిన కోడి, ఓట్లు తప్ప మరేదీ మనసులో పెట్టుకోకుండా చర్చి హాల్లో అడుగుపెట్టాడు. గుమ్మం దగ్గర ఆరుగురు ఆడవాళ్ళు అతన్ని కౌగిలించుకుని, మూడు పెళ్ళిళ్ళనూ తాగుడునూ ప్రభువు క్షమించాడని ఏడ్చారు. ఒక ముసలాయన "నాయనా, ఇంటికొచ్చావా! అంతా ఆ సిస్టర్ చలవే!" అన్నాడు. హాలిస్టర్ ముఖం అర నిమిషం పాటు ఖాళీ పలకలా ఉంది. పాఠం చదవకుండా పరీక్షకు వచ్చి, పక్కవాడి కాగితం కంటపడిన కుర్రాళ్ళ ముఖాలు జ్ఞానసుందరమ్మ ముప్ఫై ఒక్క ఏళ్ళు చూసింది. అర నిమిషం తరవాత అతని ముఖం కూడా అలాగే వెలిగింది.

మైకు ముందు నిలబడి కళ్ళు మూసుకున్నాడు. "నేను పాపిని. మూడు పెళ్ళిళ్ళు చేసుకున్నానని మీరు విన్నారు." ఆగాడు. "నాలుగు."

హాలంతా ఊపిరి బిగబట్టింది. వెంటనే హల్లెలూయా అంటూ పైకప్పు ఎగిరిపోయేలా కేకలు వేసింది. జ్ఞానసుందరమ్మ నోటుబుక్కు తీసి దిద్దుకుంది. లెక్క తప్పినందుకు అంత బాధలోనూ ఆమెకు సిగ్గేసింది. రెండో వరసలో కూర్చున్న ప్రూయిట్ గారు కూడా అలవాటు కొద్దీ హల్లెలూయా అని, తరవాత తన పక్కనున్న ఆవిడ చేతిలో హాలిస్టర్ కరపత్రం చూశారు.

అతను తాగుడు గురించి చెప్పాడు, అబద్ధాల గురించి చెప్పాడు. ఒక్కో పాపానికీ పది ఓట్లు చొప్పున పెరుగుతున్నాయి. చివరికి "నన్ను దారికి తెచ్చిన ఆ తల్లి ఎక్కడ?" అన్నాడు. ఆ తల్లి ఎవరో అతనికి ఇంకా తెలియదు. లొరేన్ జ్ఞానసుందరమ్మను భుజం పట్టి లేపింది.

ఆమె నడుస్తుంటే తోవలో ఎవరో ఆమె చేయి ముద్దు పెట్టుకున్నారు. ఇప్పుడు నిజం చెబితే ఎవరూ నమ్మరు. అబద్ధం చెప్పడం ఆమెకు రాదు. వెనక బల్ల మీద ఓడెల్ టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. లైబ్రరీ మూసేస్తే మిగతా ఎనిమిది ఉత్తరాలు అతనికి ఎవరు చెబుతారు? మైకు దగ్గరికి చేరేలోపు ఆమె దారి మార్చుకుంది. పక్క గోడకున్న సండే స్కూల్ నల్లబల్ల దగ్గరికి వెళ్ళి సుద్దముక్క తీసుకుంది.

"నేను టీచర్ని," అంది. "మా క్లాసులో తప్పు చేసినవాడు సారీ చెబితే నేను మార్కులు వేయను. బోర్డు దగ్గరికి పిలిచి, ఆ లెక్క మళ్ళీ చేయమంటాను. హాలిస్టర్ గారూ, ఇలా రండి."

అతను వచ్చాడు. రాకుండా ఉండలేడు.

"లైబ్రరీ పడగొడతానన్నారు. అక్కడ మేము చదువు రానివాళ్ళకు బైబిలు చదవడం నేర్పుతున్నాము. పేపరూ, ఉత్తరాలూ కూడా. ఆ లెక్క మళ్ళీ చేయండి."

హాలిస్టర్ సుద్దముక్క కేసి చూశాడు, రెండు వందల ముఖాల కేసి చూశాడు. "ఈ విషయం మీద ఇంకా లోతుగా ఆలోచించి..."

"ఆలోచించండి. మేము కూర్చుంటాము. కోడి చల్లారదులెండి, మూత పెట్టారు."

ఎవరో "ఆమెన్" అన్నారు. మరొకరు "రాయండి బ్రదర్!" అన్నారు. పశ్చాత్తాపానికి వచ్చిన మనిషి సుద్దముక్కకు వెనకాడతాడా అన్నట్టు లొరేన్ ముందుకు వంగి చూసింది. హాలిస్టర్ రాశాడు: లైబ్రరీ ఉంటుంది.

"సాయంత్రాలు కూడా," అంది జ్ఞానసుందరమ్మ.

సాయంత్రాలు కూడా అని రాశాడు.

"కింద పేరు, తేదీ."

అవీ రాశాడు. బ్రదర్ కార్ల్ ఆ బల్ల చెరపవద్దని చీటీ అంటించాడు. మర్నాటి స్థానిక పత్రికలో దాని ఫోటో పడింది. ఆ రాత్రి ఇంటికి వెళ్ళే దారిలో, డ్యూటీ దిగి కూటానికి వచ్చిన సుమతి కారు నడుపుతూ నవ్వు ఆపుకోలేకపోయింది. "నాన్న ఉంటే ఎంత నవ్వేవాడమ్మా," అంది. జ్ఞానసుందరమ్మ కిటికీలోంచి చూస్తూ, "ముందు కోప్పడేవారు. తరవాత నవ్వేవారు," అంది.

నవంబరులో హాలిస్టర్ రెండు వందల పన్నెండు ఓట్ల తేడాతో గెలిచాడు. ఊరు ఊరంతా ఆశ్చర్యపోయేలా మాట నిలబెట్టుకున్నాడు. బల్ల ఫోటో ఉన్న ఊళ్ళో మాట తప్పడం కష్టమని అతనికీ తెలుసు. లైబ్రరీకి కొత్త కప్పు వేయించి, దాని మీద తన పేరు రాయించుకున్నాడు. పార్కింగ్ పక్క వీధికి పోయింది. ఓడెల్ ఏడో ఉత్తరంలో ఉన్నాడు. తన ప్రార్థన మొత్తం ఫలించిందని, అందులో తాను అడిగింది మాత్రం ఒక్కటీ జరగలేదని జ్ఞానసుందరమ్మ లెక్క తేల్చుకుంది.

మరుసటి మార్చి మొదటి మంగళవారం ప్రూయిట్ గారు క్లాసుకు వచ్చారు. ఇక ఖాళీయే కాబట్టి తానూ చదువు చెబుతానన్నారు. క్లాసు అయిపోయాక ఇద్దరూ కుర్చీలు సర్దుతుంటే ఆయన ఉన్నట్టుండి అడిగారు.

"ఒక్క మాట చెప్పండి సిస్టర్. నలభై ఏళ్ళుగా ఒకే భార్య. ఒక్క చుక్క ముట్టలేదు. ఒక్క ఆదివారం మానలేదు. మీ ప్రార్థన గొలుసులోని పద్నాలుగు మందిలో పదకొండు మంది పిల్లలకు నేనే పాఠం చెప్పాను. నాకెందుకు ఓటు వెయ్యలేదు వాళ్ళు?"

జ్ఞానసుందరమ్మ చేతిలోని కుర్చీని మిగతా వాటి మీద జాగ్రత్తగా పేర్చింది.

"మీ గురించి ప్రార్థించడానికి ఎవరికీ ఏమీ దొరకలేదండీ."