గాలి లేని లంక

శనివారం పొద్దున్నే పాలలంక వాళ్లంతా ఒక మాట అనుకున్నారు. గాలిమరల కంపెనీవాళ్లు పదింటికి పడవ దిగుతారు. ఎవరిని అడిగినా ఇక్కడ గాలే లేదని చెప్పాలి. గాలి లేని చోట మరలెందుకు పెడతారు? ఆలోచన మత్స్యకార సంఘం అధ్యక్షుడు జానకిరామ్‌ది. అతని అక్క పెద్దింట్లమ్మ నెత్తళ్ల చేపలు ఎండబెట్టే ఇసుక దిబ్బ మీదే మొదటి మర లేవబోతోంది. ఆ దిబ్బ పోతే ఆవిడకు వేరే బతుకు లేదు.

దిబ్బ పక్కన షామియానా వేశారు. కంపెనీ ఇంజినీరు ఉమాశ్రీ కాగితాలు తీసింది.

“ఇక్కడ గాలి ఎలా ఉంటుందమ్మా?”

“గాలా? ఆకు కదలదండీ,” అంది పెద్దింట్లమ్మ, ఎగిరిపోతున్న కొంగును రెండు చేతులా పట్టుకుని.

రెండు కాగితాలు లేచి గోదావరిలో పడ్డాయి.

“మరి ఇదేంటండి?”

“ఇప్పుడే లాంచీ వెళ్లింది కదండీ, దాని ఊపు,” అన్నాడు జానకిరామ్. అంతలో షామియానా ఒక మూల ఊడింది. “గుంజలు సరిగ్గా పాతలేదండి. మావాళ్లకి శ్రద్ధ తక్కువ,” అన్నాడు, తనూ ఒక గుంజను కావిలించుకుని.

సరుకు కోసం కాకినాడ నుంచి వచ్చిన వ్యాపారి చంద్రరావు వెనక నిలబడి ఇదంతా విన్నాడు. అనుకున్న మాట అతనికీ చెప్పాలని ఎవరికీ తోచలేదు.

“ఏంటి పెద్దింట్లమ్మా, వారమంతా ముసురే. ఎండ లేదు. గాలీ లేదంటున్నావు. మరి నా నెత్తళ్లు దేనికి ఎండాయి? పచ్చిసరుకు అంటగడుతున్నావా? నాకొద్దు.”

జానకిరామ్ కళ్లతోనే అక్కను వారించాడు. ఊరి మాట నిలబెడితే సరుకు పోతుంది. సరుకు నిలబెడితే దిబ్బ పోతుంది. పెద్దింట్లమ్మ బస్తాలోంచి గుప్పెడు నెత్తళ్లు తీసి చంద్రరావు చేతిలో పోసింది.

“విరిచి చూడండి, టప్పుమంటుంది! గాలి లేకేంటండీ? మా అత్త నాటి నుంచి మాకు అన్నం పెడుతోంది గాలే. ఇంకో చోట ఎండేస్తే పురుగులు పడతాయండి. అందుకే ఈ దిబ్బ.”

జానకిరామ్ రెండు చేతులతో తల పట్టుకున్నాడు. అతను వదిలేసిన గుంజతో సహా షామియానా రేవులో పడింది.

చంద్రరావు ఒక చేపను విరిచి, “బస్తాలు ఎక్కించండి,” అన్నాడు.

ఉమాశ్రీ దిబ్బ వైపు తిరిగింది. “ఏడాదిగా కొలుస్తున్నాం. గాలి ఉందని మాకు తెలుసండి. ఈ దిబ్బని ఎవరైనా వాడుతున్నారా అని అడగడానికొచ్చాను. ఖాళీ స్థలమని రాసిచ్చారు మాకు.”

కాగితంలో ఆ మాట కొట్టేసి ‘వాడుకలో ఉంది’ అని రాసింది.

“ఈ దిబ్బని మరల జాబితాలోంచి తీసేయమని చెబుతాను. మిగతా లంక సంగతి ఇంకా తేలలేదు.”

నిజం చెప్పాలన్నది మొదటి నుంచీ తన ఆలోచనేనని జానకిరామ్ ఆ సాయంత్రమే ఊళ్లో చెప్పుకున్నాడు.