పడవెక్కిన కారు తాళాలు

ఆ రోజు ఉదయం ఆ ఇంట్లో ఒకే ఒక్క కార్యక్రమం. పది గంటలకు ఆవిడ డ్రైవింగ్ పరీక్షకు హాజరు కావాలి. తొమ్మిదిన్నరకు ఆయన కారు బయటికి తీయాలి. అంతే. ఇందులో పొరపాటు జరగడానికి చోటే లేదని ఇద్దరూ అనుకున్నారు.

ఆయన పళ్ళ డాక్టరు. ఆవిడ లైబ్రేరియన్. ఊరి చివర కొత్తగా తెరిచే లైబ్రరీకి ఆవిడను ఇన్‌ఛార్జిగా వేస్తామన్నారు కానీ, అటువైపు బస్సులు లేవు. నెలాఖరులోగా లైసెన్సు చూపిస్తే ఆ కుర్చీ ఆవిడది. లేకపోతే ఆవిడ కింద పనిచేసే గుమాస్తాది. "మీకు రాకపోయినా ఏం దిగులుపడకండి మేడమ్, నేను చూసుకుంటాగా" అని అతను రోజుకోసారి ఓదారుస్తున్నాడు. సగం ఆ ఓదార్పు భరించలేకే ఆవిడ కసిగా స్టీరింగు పట్టుకుంది.

ఇప్పటికి రెండుసార్లు తప్పింది. రెండుసార్లూ కారు వెనక్కి నడిపే దగ్గరే. నేర్చుకునే రోజుల్లో డాక్టరు పక్క సీట్లో కూర్చునేవాడు. ఊరికే కూర్చుంటే బాగానే ఉండేది. రిమోట్ చేతిలో ఉన్నట్టు ఆయన బొటనవేళ్ళు రెండూ గాల్లో ఆడుతూనే ఉండేవి. "ఎడమ... ఇంకొంచెం... చాలు, చాలన్నానా!" అనేవాడు. రెండో పరీక్షనాడు కారుకు ఎదురుగా గట్టు మీద నిలబడి "కుడి, కుడి" అని చెయ్యి ఊపాడు. ఆవిడ కుడికే తిప్పింది. తీరా ఆయన ఊపింది తన కుడి. వెనక ఉన్న స్తంభం పడిపోయింది. రిమోట్ పడవ మనకు ఎదురుగా వస్తున్నప్పుడు దాని కుడి మన ఎడమ అవుతుందని పార్కులో కొత్తవాళ్ళకు పాఠం చెప్పే మనిషి కూడా ఆయనే.

రిమోట్ బండ్లంటే ఆయనకు అంత పిచ్చి. వారమంతా నోళ్ళలోకి చూసే మనిషికి ఆదివారమైనా నీళ్ళలోకి చూడాలనిపించడంలో తప్పులేదని మొదట్లో ఆవిడే వెనకేసుకొచ్చింది. తర్వాత మిగులు గది నిండా పడవలు, అటక మీద విమానాలు, మంచం కింద కార్లు చేరాయి. ఇప్పుడు ఆవిడ ఇల్లు ఊడ్చేటప్పుడు హారన్ కొట్టుకుంటూ వెళ్ళాల్సి వస్తోంది.

"కొత్త పడవ ఎడమకి ఒరుగుతోందోయ్. పక్క పార్కు కొలనులో వేసి సరిచూసి వచ్చేస్తా. పది నిమిషాలు" అన్నాడు డాక్టరు, ఏడింటికే చెప్పులేసుకుంటూ.

"ఇవాళే చూడాలా?"

"ఇవాళ గాలి లేదు."

ఆయన పడవను చంకనెత్తుకుని నడుచుకుంటూ వెళ్ళాడు.

కొలను గట్టున రిటైరైన స్టేషన్ మాస్టారు అప్పటికే ఉన్నారు. ఆయనదీ ఇదే జబ్బు, కాకపోతే విమానాల శాఖ. నీళ్ళలో వేసిన పడవను తల వంచి చూసి, "ఎడమకే వాలుతోంది డాక్టరూ. కుడివైపు బరువు వెయ్యి" అన్నారు.

డాక్టరు ఒక గులకరాయి వేశాడు. చాలలేదు. రెండు వేస్తే ఎక్కువైంది. జేబులో చెయ్యి పెడితే తాళాల గుత్తి తగిలింది. కారు తాళం, క్లినిక్ తాళాలు, ఎప్పుడో అమ్మేసిన బీరువా తాళం. పడవ మూత తీసి కుడివైపు ఆ గుత్తిని ఇరికించాడు. పడవ తలెత్తుకుని నిటారుగా నిలబడింది.

"అబ్బ! కొలిచి చేయించినట్టుంది" అన్నారు మాస్టారు.

ఆ ముచ్చటలో ఇద్దరూ బ్యాటరీ సంగతి మరిచిపోయారు. పడవ కొలను మధ్యదాకా రాజఠీవితో వెళ్ళింది, ఒక చుట్టు తిరిగింది, నాచులో ఆగింది. డాక్టరు రిమోట్‌ను నొక్కాడు, కుదిపాడు, ఎత్తి పట్టుకున్నాడు. చివరికి బతిమాలాడు. పడవ కదల్లేదు. అప్పుడు ఆయనకు తాళాలు గుర్తొచ్చాయి.

"దిగి తెచ్చేద్దామా?"

మాస్టారు గట్టు మీది బోర్డు వైపు చూపించారు. 'లోతు ఎక్కువ. దిగరాదు' అని ఉంది. "ఉండు. నా విమానానికి గాలం దారం కడతాను. పడవ మీదుగా పోనిచ్చి కొక్కెంతో లాక్కొద్దాం."

దారం కట్టడానికే చాలాసేపు పట్టింది. అంతలో డాక్టరు ఫోను మోగింది.

"ఎక్కడున్నారు?" ఆవిడ గొంతు.

"వస్తున్నా, వస్తున్నా. కారు టైరులో గాలి కొట్టిస్తున్నాను."

"ఏ కారు? మనది బాల్కనీలోంచి కనిపిస్తోంది."

"మనది కాదోయ్... మాస్టారి సైకిలు. పాపం ఆయనకు ఒంట్లో కాస్త నలతగా ఉంటేనూ, కూర్చోబెట్టి..."

"అయ్యో, ఏమైంది?"

పన్ను నొప్పి అంటే అక్కడికక్కడే తనే చూడాల్సి వస్తుందనిపించింది. "ఛాతీలో కొంచెం నొప్పిట" అని ఫోను పెట్టేశాడు.

"ఎవరికి?" అన్నారు మాస్టారు దారం కొరుకుతూ.

"మీకే. కాసేపే లెండి."

"నన్నొక మాట అడగొద్దటయ్యా?"

ఇంకో నిమిషానికి మాస్టారి ఫోను మోగింది. ఆయన భార్య. ఆయన ఎత్తబోతే డాక్టరు చెయ్యి పట్టుకున్నాడు. "ఎత్తకండి! మీకు నొప్పిగా ఉంది." ఫోను మోగి మోగి ఆగింది. మళ్ళీ మోగింది. ఈసారి కంగారులో డాక్టరే దాని నోరు నొక్కేశాడు.

విమానం లేచింది. దారం వెనకాల వేలాడుతూ గాల్లో బ్రహ్మాండంగా వెళ్ళింది. పడవ మీదుగా వెళ్ళేటప్పుడు కొక్కెం దాన్ని తాకలేదు కానీ, తిరుగు ప్రయాణంలో గట్టు పక్క చెట్టుకొమ్మను మాత్రం గట్టిగా పట్టుకుంది. విమానం గాల్లోనే ఒక్క కుదుపుతో ఆగి, దారం తెంపుకుని, ఒడ్డుకు బారెడు దూరంలో ముక్కు కిందికి పెట్టి మునిగింది. తోక మాత్రం పైకి కనిపిస్తోంది.

"నా తల్లీ!" అని మాస్టారు గట్టు మీద బోర్లా పడుకుని, తన గొడుగు వంకీతో దాన్ని అందుకోబోయారు. డాక్టరు ఆయన కాళ్ళు పట్టుకుని కూర్చున్నాడు.

సరిగ్గా అదే సమయానికి మాస్టారి భార్య పార్కు గేటులోంచి పరుగెత్తుకొచ్చింది. వెనకే లైబ్రేరియన్. దూరం నుంచి వాళ్ళకు కనిపించింది ఒకటే: మాస్టారు బోర్లా పడి ఉన్నారు, డాక్టరు కాళ్ళ దగ్గర తల వంచుకుని కూర్చున్నాడు.

"ఏవండీ!" అని పార్కంతా దద్దరిల్లేలా ఒక్క కేక.

ఉలిక్కిపడి మాస్టారు ముందుకు జారారు. డాక్టరు చేతుల్లో ఆయన చెప్పులు రెండూ మిగిలాయి. పెద్ద చప్పుడు. నీళ్ళు ఎగిరిపడ్డాయి. అందరూ కెవ్వుమన్నారు. ఆ కేకలు ఆగేలోపు మాస్టారు లేచి నిలబడ్డారు.

నీళ్ళు ఆయన మోకాళ్ళ దాకా వచ్చాయి.

అటుచూసి, ఇటుచూసి, మాస్టారు రెండడుగులు లోపలికి వేశారు. అప్పుడూ మోకాళ్ళే. డాక్టరు బోర్డు వైపు చూశాడు. బోర్డు నిబ్బరంగా నిలబడే ఉంది.

"ఛాతీ నొప్పి అన్నారూ?" అంది మాస్టారి భార్య, డాక్టరుతో.

"ఇప్పుడు తగ్గింది పిన్నిగారూ" అన్నాడు డాక్టరు.

లైబ్రేరియన్ ముందుకొచ్చింది. భర్త చేతిలోని రిమోట్‌ను, నీళ్ళ మధ్య ఉన్న పడవను, మళ్ళీ భర్తను చూసింది. "తాళాలేవీ?"

ఆయన వేలుతో కొలను మధ్యకు చూపించాడు. "పడవ ఒరుగుతోంటే... బరువుకని... ఇప్పుడే దిగి తెచ్చేస్తాను. పరీక్షకి వెళ్ళిపోదాం. నువ్వేం కంగారుపడకు."

"కారు కొన్నప్పుడు రెండు తాళాలిస్తారు కదండీ" అంది ఆవిడ నింపాదిగా, గుప్పిట విప్పి. "ఆస్పత్రికి తీసుకెళ్ళాలేమోనని కారులోనే వచ్చాం."

"ఎవరు నడిపారు? పిన్నిగారా?"

"నాకు లైసెన్సయితే ఉంది కానీ బ్రేకెక్కడుందో మర్చిపోయాను నాయనా" అంది పిన్నిగారు. "పక్కన కూర్చున్నాను. దారి పొడుగునా ఏడుస్తూనే ఉన్నాను. మీ ఆవిడే నడిపింది."

డాక్టరు గేటు బయటికి చూశాడు. చెత్తకుండీకీ పాలవ్యానుకూ మధ్య, ఆయన ఎన్నడూ సాహసించని ఇరుకు సందులో, కారు గోడకు ఆనీ ఆనకుండా తిన్నగా నిలబడి ఉంది. ముఖం రోడ్డు వైపు.

"వెనక్కి నడిపి పెట్టావా?"

"అవును."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదు?"

"మీరు లేరుగా" అంది ఆవిడ. అన్నాక ఆ మాట తనకే కొత్తగా వినిపించింది. తర్వాత గడియారం చూసుకుంది. "పిన్నిగారూ, ఇంకో గంట ఏడవగలరా నా పక్కన కూర్చుని?"

"ఈయన్ని తలుచుకుంటే సాయంత్రం దాకా ఏడవగలను. పద అమ్మాయీ."

"నేనూ వస్తా!" అని డాక్టరు లేచాడు.

"మీరు రావద్దు" అంది ఆవిడ. కోపంగా కాదు. జ్వరంతో ఉన్నవాళ్ళకు చల్లనీళ్ళు వద్దన్నట్టు చెప్పింది. "మీకు ఇక్కడ పనుంది."

కారు సందులోంచి ఒక్క మలుపులో బయటికి వచ్చి వెళ్ళిపోయింది. డాక్టరు బొటనవేళ్ళు కదలబోయాయి. వాటిని జేబుల్లో పెట్టేసుకున్నాడు. తర్వాత ప్యాంటు మడుచుకుని నీళ్ళలోకి దిగి పడవను తెచ్చుకున్నాడు. ఇద్దరు మగవాళ్ళూ బెంచీ మీద ఆరేసిన బట్టల్లా కూర్చున్నారు.

"లైసెన్సు వస్తుందంటావా?" అన్నారు మాస్టారు.

"పాస్ కాకపోతే నేనుండి ఉంటే అయ్యేదని అనుకోవచ్చు" అన్నాడు డాక్టరు. పడవకంటిన నాచు తుడుస్తూ, "కాకూడదని మాత్రం అనుకోవట్లేదండోయ్" అన్నాడు.

ఎండెక్కాక కారు మళ్ళీ అదే సందులోకి, అలాగే వెనక్కి వచ్చి ఆగింది. ఈసారి ఇద్దరు ఆడవాళ్ళూ నవ్వుతున్నారు.

"ఇన్‌స్పెక్టరు ఏమన్నాడు?" అని పరుగెత్తాడు డాక్టరు.

"ఎవరు నేర్పారమ్మా అని అడిగాడు" అంది పిన్నిగారు.

డాక్టరు ముఖం వెలిగింది. "ఏం చెప్పావు?"

"మీ పేరే చెప్పాను" అంది ఆవిడ. "నా పక్కన లేకుండా నేర్పారన్నాను."

పిన్నిగారు దిగి, మాస్టారి చెయ్యి పట్టుకుంది. నడిస్తే గుండెకు మంచిదని ఆయన్ని ఎండలో నడిపించుకుని ఇంటికి తీసుకుపోయింది. డాక్టరు ముందు తలుపు తీయబోయాడు.

"ఆ తడి ప్యాంటుతోనా? వెనక కూర్చోండి. పడవ ఇలా ఇవ్వండి."

ఆవిడ పడవను ముందు సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టింది. ఇల్లు చేరేదాకా అది ఒక్క మాట కూడా అనలేదు.