నేల కింద వాసన, నట్టింట్లో పరామర్శ

ఆ శనివారం ఉదయం లేచేసరికి ఓవిడ్ బ్రుసార్ దగ్గర ఒక బుట్టెడు ఉల్లిపాయలు, ఒక పథకం, ఒక గడువు ఉన్నాయి. గడువు మధ్యాహ్నం పన్నెండు. ఆ వేళకి భార్య యులాలీ లఫాయెట్ పట్నం నుంచి కారులో వస్తుంది. గుమ్మంలో నిలబడి గాలి పీలుస్తుంది. ఆమె ముక్కు ఏం చెబితే అదే తీర్పు.

యులాలీ ముక్కుసూటి మనిషి. ఆమె ముక్కు అంతకంటే సూటి. పోయిన ఆగస్టులో బయూ పొంగి, ఆ కాలువ నీళ్ళు ఇంట్లో మోకాలి లోతున మూడు రోజులు కాపురం చేసి వెళ్ళాక, ఆమెకి దగ్గు పట్టుకుంది. వారం ఓపిక పట్టి చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయింది. తొమ్మిది నెలలైంది. మొన్న ఫోన్లో ఇక సంగతి తేల్చేసింది.

"శనివారం వస్తా. ఇల్లు బాగుంటే సంచీ దించుతా. వాసనొచ్చిందా, సంచీ కార్లోనే ఉంటుంది. కొంప అమ్మేద్దాం. నువ్వూ ఇక్కడికే వచ్చెయ్."

ఇక్కడికంటే మరదలి ఇంటికి. అక్కడ తెల్ల తివాచీ ఉంది. చెప్పులు విప్పి వచ్చినా, కాళ్ళు కూడా బయటే విడిచి రాకూడదా అన్నట్టు చూసే మరదలు ఉంది. లేనివల్లా రొయ్యల పడవలు. ముప్పై ఏళ్ళుగా ఆ పడవల ఇంజన్లు విప్పి బిగిస్తూ బతికిన ఓవిడ్‌కి, ఆ తివాచీ మీద తన ముసలితనం ఒంటికాలి మీద నిలబడి కనిపించింది.

అందుకే ఈ తొమ్మిది నెలల్లో అతను కడగని వస్తువు లేదు. గోడలు నడుము ఎత్తు దాకా కోసి కొత్తవి పెట్టాడు. నేల కడిగాడు, చెంచాలు కడిగాడు, రేడియో విప్పి లోపల కడిగాడు, కుక్కని రెండుసార్లు కడిగాడు. వరద పోయింది, బురద పోయింది, ఇక సరదా తిరిగి రావడమే తరువాయి. నిన్న గోడలకి ఆఖరి పూత వేస్తూ, చుక్కలు పడకుండా అద్దాలన్నిటికీ నల్లగుడ్డలు కప్పాడు. తాతల నాటి గోడగడియారం లోపల తుడుద్దామని లోలకం విప్పి బల్ల మీద పెట్టాడు. ఆ గుడ్డల్నీ ఆ లోలకాన్నీ అక్కడే మరిచిపోయాడు. ఇంటికి సోకు చేశాననుకున్నాడు. ఊరు దాన్ని శోకం చేస్తుందని కలగన్నాడా?

పదింటికి కుండ పొయ్యి మీదికెక్కింది. యులాలీకి ఇష్టమైన గంబో అనే చిక్కటి పులుసు వండాలి. గంబోకి పునాది రూ, అంటే నూనెలో పిండిని చాక్లెట్ రంగు వచ్చేదాకా వేయించడం. సన్న సెగ మీద రెండు గంటల పాటు గరిటె ఆగకూడదు. ఆగితే మాడుతుంది. ఆ ఊళ్ళో పక్కిల్లు తగలబడుతున్నా సరే, చేతిలో రూ గరిటె ఉన్నవాణ్ణి నీళ్ళు పట్టుకు రమ్మని ఎవరూ పిలవరు. ఓవిడ్ ఒక చేత్తో కలుపుతూ, రెండో చేత్తో గోడ మీద మీట నొక్కి మొదటిసారి ఏసీ వేశాడు. వరద మింగిన పాతదాని స్థానంలో పినతండ్రి కొడుకు క్లెబర్ట్ మొన్ననే బిగించిన యంత్రం అది. బయట మే నెల ఉక్క, గాలిని పిండితే బిందె నిండేలా ఉంది. చల్లగాలి జివ్వున వచ్చింది. వెనకే వాసనా వచ్చింది.

చచ్చిన చేపని తడి కంబళిలో చుట్టి, పెట్టెలో పెట్టి, తాళంచెవి పారేసుకుంటే వచ్చే వాసన అది. ఓవిడ్ కుండలోకి చూశాడు. కుండ నిర్దోషి. కుక్కని చూశాడు. కుక్క తనూ అతన్నే చూస్తోంది.

అప్పుడే లోపలికి వచ్చాడు క్లెబర్ట్. అతనికి తెలియని విషయం ఈ పరగణాలో లేదు, తెలిసిన విషయం ఇంతవరకు పని చేసిన దాఖలా లేదు.

"ఏంట్రా ఈ కంపు?" అన్నాడు.

"అదే అర్థం కావట్లేదు. పొద్దున్నదాకా లేదు. ఇప్పుడే పుట్టింది."

"నేల కింద ఏదో చచ్చినట్టుంది. ఏసీ ఆపు, ఆ హోరులో నా ముక్కు పని చెయ్యట్లేదు."

ఆపాడు. అయిదు నిమిషాల్లో వాసన తగ్గింది.

"చూశావా, లేదు," అన్నాడు క్లెబర్ట్, తనే తీసి పారేసినట్టు.

ఉక్కకి చెమటలు పట్టి ఓవిడ్ మళ్ళీ మీట నొక్కాడు. వాసన మళ్ళీ హాజరైంది, ఈసారి పడకగదిలోంచి కూడా.

"ఒరే ఓవిడ్, ఇది తిరుగుతోందిరా," అన్నాడు క్లెబర్ట్ గొంతు తగ్గించి. "చచ్చింది తిరగదు."

"అయితే బతికుందా?"

"బతికున్నదానికి ఇంత కంపుండదు."

ఇద్దరూ కాసేపు ఆలోచించారు. ఓవిడ్ కలుపుతూ ఆలోచించాడు, క్లెబర్ట్ ఊరికే ఆలోచించాడు. చివరికి క్లెబర్ట్, చచ్చీ చావని వాటి సంగతి చర్చిలోనే తెలుస్తుందని, ఫాదర్ మెలాన్సాన్‌కి ఫోన్ చేశాడు. "ఓవిడ్ ఇంటికి అర్జెంటుగా రండి ఫాదర్, మంత్రజలం తెచ్చుకోండి" అని మాత్రం చెప్పాడు. తర్వాత, దైవబలానికి మానవ ప్రయత్నం తోడుండాలని పార పట్టుకుని ఇంటి కిందికి దూరాడు. ఆ ఇళ్ళు ఇటుక దిమ్మెల మీద నిలబడతాయి. నేల కింద మనిషి పాకేంత జాగా ఉంటుంది.

పక్కింటి మిస్ ఓడెల్ తీసుకున్న గిన్నె తిరిగి ఇద్దామని వచ్చింది. ముందు గదిలో అడుగు పెట్టి ఆగిపోయింది. అద్దాల మీద నల్లగుడ్డలు. గడియారం ఆగి ఉంది. లోలకం బల్ల మీద పడుకుని ఉంది. ఆ ఊళ్ళో మనిషి పోయిన ఇంట్లోనే అద్దాలు కప్పుతారు, గడియారం ఆపుతారు. అద్దం మూసిన ఇంటికి వేరే అర్థం లేదు. వంటింట్లో ఓవిడ్ ఉల్లిపాయలు తరిగిన కళ్ళతో, ధారలు కారుస్తూ కలుపుతున్నాడు.

"ఓవిడ్," అంది ఆవిడ, గిన్నె గుండెకి హత్తుకుని. "యులాలీనా?"

"ఇంక ఈ ఇంటికి రాదు మిస్ ఓడెల్," అన్నాడు ఓవిడ్. వాసన అప్పుడే మరో విడత వచ్చింది. "తొమ్మిది నెలలు పాటుపడ్డా. నావల్ల కాలేదు."

"నువ్వేం చేస్తావు నాయనా. మన చేతుల్లో ఉందా?"

"గాల్లో ఉంది," అన్నాడు ఓవిడ్ దిగులుగా. ఆవిడ ఏడుస్తూ వెళ్ళింది. ఒక గిన్నె కోసం ఇంత బాధేమిటో అతనికి అర్థం కాలేదు.

మిస్ ఓడెల్ నలుగురికి ఫోన్ చేసింది. ఆ నలుగురూ తలా నలుగురికి చేశారు. పదకొండు కొట్టేసరికి, అంటే ఆ గడియారం కొట్టలేదనుకోండి, వాకిట్లో ట్రక్కులు బారులు తీరాయి. హామ్ ముక్కలు, ఉర్లగడ్డల సలాడ్, రైస్ డ్రెస్సింగ్ అనే మాంసం కలిపిన అన్నం, మూడు రకాల కేకులు బల్ల మీదికి చేరాయి. గుమ్మానికి ఎవరో పూలచక్రం కట్టారు. యులాలీ వస్తుందని తెలిసి ఊరంతా స్వాగతానికి వచ్చిందనుకుని ఓవిడ్ గుండె పొంగింది. అందరూ నల్లబట్టలే ఎందుకు వేసుకున్నారో మాత్రం బోధపడలేదు.

"ఎంత మంచి మనిషి," అని ఒకామె అతని భుజం పట్టుకుంది.

"మంచిదే. ఆ ముక్కుతోనే చిక్కు."

"ఎప్పుడు?"

"పన్నెండింటికి. తనే కారు నడుపుకుంటూ వస్తుంది. మీరంతా కాస్త కిటికీలు తీసి, గట్టిగా గాలి విసరండి."

ఆమె వెనక్కి తగ్గి, మొగుడి చెవిలో ఏదో చెప్పింది. "పాపం, మతి చెదిరింది" అన్నమాట నెమ్మదిగా గదులు తిరిగింది. మిస్ ఓడెల్ వచ్చి, అతని చేతిలోంచి గరిటె లాక్కుని, తను కలపడం మొదలుపెట్టింది. సగంలో ఉన్న రూ గరిటెని వేరే మనిషి అందుకోవడం ఓవిడ్ జీవితంలో ఎరగడు. గరిటె పోయిన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నట్టింట్లో నిలబడిపోయాడు. గంబో కాస్తా గందరగోళంబో అయింది.

ఫాదర్ మెలాన్సాన్ వచ్చి నల్లబట్టల్నీ అద్దాల్నీ చూసి, తనని పిలిచింది ఇందుకేనని నిశ్చయించుకుని జపమాల తీశాడు. నలభై మంది మోకాళ్ళ మీద కూర్చున్నారు. నలభై ఒళ్ళ వేడికి ఏసీ ఆగకుండా హోరెత్తింది. ఏసీ హోరెత్తిన కొద్దీ వాసన ఊరేగింది. రెండో ప్రార్థనకి జనం రుమాళ్ళు తీశారు. మూడోదానికి ఒకాయన పక్కవాడి చెవిలో, "ఇంతకీ ఎప్పుడు పోయిందంటావు?" అన్నాడు.

"వాసన చూస్తే నాలుగు రోజులు దాటినట్టుంది."

"ఎక్కడ పెట్టాడు?"

పడకగది తలుపు వైపు నలభై తలలు తిరిగాయి. సరిగ్గా అప్పుడు వెనక తలుపు తోసుకుని, నెత్తి నుంచి కాళ్ళ దాకా బురదతో, చేతిలో పారతో క్లెబర్ట్ లోపలికి వచ్చాడు. జనాన్ని చూసి కంగారుపడ్డాడు గానీ, చెప్పవలసింది చెప్పేశాడు.

"మొత్తం తవ్వా ఓవిడ్. ఎక్కడా దొరకలేదు."

ప్రార్థన ఆగింది. ఫాదర్ మెలాన్సాన్ మెల్లిగా లేచాడు.

"ఓవిడ్, నాయనా. నిజం చెప్పు. యులాలీ ఎక్కడ?"

"లఫాయెట్లో ఫాదర్. ఈపాటికి దారిలో ఉంటుంది."

"మరి ఈ వాసన?"

"అదే నా ఏడుపు ఫాదర్. అది తనకి తెలిసిందా, నా బతుకు బుగ్గి."

ఒకాయన షెరీఫ్‌కి ఫోన్ చెయ్యడానికి బయటికి పరుగెత్తాడు. అక్కడ ఆయనకి ఫోన్ చేసే అవసరమూ శక్తీ రెండూ పోయాయి. ట్రక్కుల మధ్య నుంచి దారి చేసుకుని ఒక నీలం కారు ఆగింది. యులాలీ దిగింది. గుమ్మానికి ఉన్న పూలచక్రం మీద తన పేరు చదువుకుంది.

"ఎవరు పోయారు?" అంది ఎదురుగా ఉన్నాయనతో.

ఆయన టోపీ తీసి, మర్యాదగా, "మీరే అమ్మా," అన్నాడు.

ఆమె లోపలికి వచ్చింది. మిస్ ఓడెల్ ఆమెని చూసి గరిటె వదిలేసింది. వరసగా నలుగురు శిలువ గుర్తు వేసుకున్నారు, అయిదోవాడు కేకు వేసుకున్నాడు. ఏం జరిగిందో ముగ్గురు కలిసి మూడు రకాలుగా చెప్పారు. కుండలో రూ మాడి పొగ లేచింది. ఆ పొగలోంచి కూడా యులాలీ ముక్కు తన పని తను చేసుకుంది. ఓవిడ్ గోడకి ఆనుకుని తెల్ల తివాచీని తలుచుకున్నాడు.

"ఏసీ వేస్తే వస్తోంది, ఆపితే పోతోంది. అంతేనా?" అంది ఆమె.

"అంతే," అన్నాడు ఓవిడ్.

"ఏసీ గాలి గొట్టాలు కడిగావా?"

ఓవిడ్ జీవితంలో డక్కామొక్కీలు తిన్నవాడే గానీ, డక్టుల సంగతి కలలో కూడా తలచినవాడు కాదు. క్లెబర్ట్ వైపు చూశాడు. క్లెబర్ట్ తన పార వైపు చూసుకున్నాడు. పొద్దుటి నుంచి ఆ గొట్టాల కిందే పాకుతూ, మాటిమాటికీ వాటికే తల కొట్టుకుంటూ, అడ్డమని తిట్టుకుంటూ తవ్విన మనిషి అతను.

యులాలీ పడకగదిలో నేలలోంచి గాలి వచ్చే ఇనుప జాలీ ఎత్తి, మోచేతి దాకా చెయ్యి పెట్టింది. నల్లటి బురద వచ్చింది. దాని మీద పిల్లికి ఉన్నంత బూజు. ఒక క్రాఫిష్ రొయ్య డొప్ప. ఆఖర్న, వరదలో కొట్టుకుపోయాయనుకున్న ఓవిడ్ పాత పైపళ్ళ సెట్టు, అందరినీ చూసి ఇకిలిస్తూ.

"నీళ్ళు ఇంట్లోకి మోకాలెత్తు వస్తే, నేల కిందున్న గొట్టాలు గొడుగేసుకుని కూర్చుంటాయా?" అంది ఆమె. "నీళ్ళు పోయాయి, బురద లోపలే ఉంది. ఈ ఉక్కకి బూజు పట్టింది. మీట నొక్కినప్పుడల్లా అదంతా గదిగదికీ పంచుతున్నావు. నువ్వు కడిగింది ఇంటి మొహమయ్యా. ఊపిరితిత్తులు వదిలేశావు."

ఓవిడ్ ధైర్యం చేసి, "సంచీ?" అన్నాడు.

"కార్లోనే ఉంది." ఆమె చెయ్యి తుడుచుకుని, బల్ల మీది హామ్ నుంచి, నల్లబట్టల నుంచి, నలభై ఎర్రటి కళ్ళజతల దాకా చూసింది. "నా గురించి ఏమేం అనుకున్నారు?"

మొదట నసిగారు. తర్వాత ఒకామె, వరదప్పుడు తన పిల్లల్ని యులాలీ పడవలో చేర్చిన సంగతి చెప్పింది. ఇంకొకాయన ఆమె వంట గురించి చెప్పాడు. మిస్ ఓడెల్ చెప్పబోయి మళ్ళీ ఏడ్చింది. పావుగంట సాగింది. యులాలీ కుర్చీ లాక్కుని, ఒక్కటీ వదలకుండా వింది.

"లఫాయెట్లో పక్కింటివాళ్ళకి నా పేరు కూడా తెలీదు," అంది చివరికి. "ఓవిడ్, సంచీ తీసుకురా. కిటికీలన్నీ తీసి పడుకుందాం. ఆ పని తెలిసినవాళ్ళు వచ్చి గొట్టాలు శుభ్రం చేసేదాకా ఎవరైనా ఆ మీట ముట్టుకున్నారో, ఈ నల్లబట్టలు వృథా పోనివ్వను. క్లెబర్ట్, నువ్వు వాళ్ళకి సాయం చెయ్యొద్దు."

ఓవిడ్ కారు దాకా పరుగెత్తి, సంచీ ఎత్తుకుని వచ్చాడు. ఎందుకైనా మంచిదని దాన్ని కింద పెట్టకుండా చాలాసేపు పట్టుకునే నిలబడ్డాడు. పరామర్శకి వచ్చినవాళ్ళు విందుకి కూర్చున్నారు.

వెళ్ళబోతూ ఫాదర్ మెలాన్సాన్ ఇబ్బందిగా దగ్గాడు. "యులాలీ, మిస్ ఓడెల్ తొందరపడి గురువారం పొద్దున నీ ఆత్మశాంతికి ప్రార్థన రాయించింది. చర్చి బోర్డు మీద కూడా పెట్టేశాం. కొట్టేయిస్తాలే."

"ఉండనివ్వండి ఫాదర్," అంది యులాలీ. "ఎవరు రాలేదో చూడాలి."

గురువారం ఆమె అందరికంటే ముందే వెళ్ళి, తలుపు పక్క బెంచీలో కూర్చుంది.