కొండల్ బ్యాడ్జీకి ఆయుధపూజ

ఆ ఉదయం మమతారాణి వేసుకున్న పథకం చిన్నదే. పది గంటలకు ఆడిటర్ ఉపేందర్‌రావు వస్తాడు, ఎక్స్‌రే గది చూస్తాడు, శభాష్ అంటాడు. ఆదిలాబాద్‌లోని ఆ ప్రైవేటు దవాఖానలో రేడియేషన్ భద్రత అంతా ఆమె చేతిమీదుగానే నడుస్తోంది. ఏడాదిగా ఒక్క తప్పు లేదు. ఆ సంగతి అడిగినవాళ్లకూ చెప్పేది, అడగనివాళ్లకూ చెప్పేది.

తొమ్మిదికి బ్యాడ్జీల రిపోర్టు వచ్చింది. ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో పట్టి చెప్పే ఆ బ్యాడ్జీని సిబ్బంది ఛాతీకి పెట్టుకుంటారు, మూడు నెలలకోసారి పరీక్షకు పంపుతారు. అందరివీ బాగున్నాయి. టెక్నీషియన్ కొండల్‌ది మాత్రం ఏడాది హద్దును మూడు నెలల్లోనే దాటేసింది.

"కొండల్, నువ్వు మిషన్ దిక్కు పోకు. స్టోర్‌రూంల కూసో," అంది.

వాచ్‌మన్ మొండయ్య విన్నాడు. పావుగంటలో కొండల్ ఒంట్లో కిరణాలున్నాయన్న వార్త క్యాంటీన్ చేరింది. కొండల్ చాయ్ గ్లాసును స్టోర్‌రూం గడప దగ్గరే పెట్టి పోయారు. రోగుల వరుస సగమైంది. కొండల్ భార్య మంజుల ఏడుస్తూ వచ్చింది.

"ఆయన నౌకరి పోతదా, పానం పోతదా, జర ఒకటి చెప్పుండ్రి మేడం."

సరిగ్గా అప్పుడే ఉపేందర్‌రావు దిగాడు. రిపోర్టు చూసి కొండల్‌ను పిలిచాడు. "బ్యాడ్జీ ఎప్పుడన్న తీసినవా?"

"దసరకు తీసిన సార్. మిషన్‌కు ఆయుధపూజ చేసి, దాని మాలకే బ్యాడ్జీని గూడ కట్టిన్రు. మాల ఎండి రాలేదాక, పదకొండు దినాలు తియ్యలే. పూజల పెట్టింది ఎట్ల తీస్త?"

"మిషన్ నడుస్తనే ఉండెనా? అయితే కిరణాలు తగిలింది మాలకు, నీకు గాదు. కట్టిందెవరు?"

కొండల్ నేల చూశాడు. "నేనే సార్."

గోడమీద పూజ ఫోటో ఉంది. ఫ్రేము కట్టించింది మమతారాణే. అందులో బంతిపూల మాలకు బ్యాడ్జీ కడుతున్న ఎర్రగాజుల చేయి ఆమెదే. ఆ పదకొండు రోజులూ 'బ్యాడ్జీ ధరించాడు' అని రిజిస్టరులో టిక్కు పెట్టిందీ ఆమే. తనకోసం అబద్ధమాడినవాడి నౌకరి కన్నా తన పేరు గొప్పదా అనిపించింది.

"అబద్ధం చెప్తుండు సార్. కట్టింది నేను. చూడకుండ టిక్కు కొట్టింది గూడ నేనే. రాసుకోండ్రి."

ఉపేందర్‌రావు రాసుకున్నాడు. "మస్తు దవాఖానలు చూసిన మేడం. బ్యాడ్జీలు బీరువాల ఉంటయ్, రిపోర్టులు మంచిగొస్తయ్. తప్పు నాదన్నోళ్లను ఇయ్యాలే చూస్తున్న."

కొండల్ రక్తపరీక్షలో ఏ దోషమూ తేలలేదు. ఛాతీమీద బ్యాడ్జీ చూశాకే టిక్కు పెట్టాలన్న కొత్త నియమాన్ని మమతారాణే రాసి, ఫోటో పక్కనే అంటించింది. శభాష్ అందకపోయినా ఆమెకు అంత గర్వం మునుపెన్నడూ కలగలేదు.

మరుసటి దసరాకు బ్యాడ్జీకి కూడా బొట్టు పెట్టారు, కొండల్ ఛాతీ మీదనే.