సంఘం వారి తొర్ర

ఒక పెద్ద అడవిలో, పెద్దదంటే ఒక దరఖాస్తు ఈ కొస నుంచి ఆ కొసకు చేరేలోగా దరఖాస్తుదారుకి ముసలితనం వచ్చేంత పెద్ద అడవిలో, వానలకు ముందు తొర్రలు పంచే ఆచారం ఉండేది. అడవి సభ వారి కాగితంలో రెండే గడులు: మగ పేరు, ఆడ పేరు. రెండూ నిండితే తొర్ర. నిండకపోతే తడవడమే.

ఇది అన్యాయమని పోరాడటానికి 'ఎవరి జత వారిష్టం' అని ఒక సంఘం వెలిసింది. ఆడతో ఆడ, మగతో మగ కాపురం ఉండే జీవుల తరఫున అది మాట్లాడేది. అధ్యక్షుడు పింఛధరరావు అనే నెమలి. ఆయనకు ముగ్గురు భార్యలు, మూడు పొదలు. చట్టం ఆయన్ని ఏనాడూ ఒక్క ప్రశ్న అడిగిన పాపాన పోలేదు. అయినా అన్యాయం గురించి ఆయన ఉపన్యసిస్తే రాళ్ళు కూడా కరిగేవి.

ఆ సంఘానికి రెండు నెలల ఇంటర్న్‌షిప్‌కి వచ్చింది చారుమతి అనే ఉడుత. డిగ్రీ మూడో ఏడు. చివర్లో పింఛధరరావు సంతకంతో సర్టిఫికెట్ ఇస్తేగానీ కాలేజీవాళ్ళు పాస్ చెయ్యరు. పైగా ఉడుత కాబట్టి, ఎంత చాకిరీ చేయించుకున్నా "ఉడుతాభక్తి" అనేస్తే సరిపోయేది.

మొదటి వారంలోనే ఆమె దగ్గరికి పైడమ్మ, సీతాలు అనే ఇద్దరు ఆడ గోరింకలు వచ్చారు. ఆరేళ్ళుగా ఒకే కొమ్మ మీద కాపురం. కిందటి వానలకు సీతాలుకి జబ్బు చేసి ఒక రెక్క పడిపోయింది. ఈసారీ తడిస్తే బతకదని వైద్యం చేసే కొంగ చెప్పేసింది. ఏటి గట్టున మద్దిచెట్టులో చిన్న తొర్ర ఒకటి ఖాళీగా ఉంది.

"మాకు జెండాలూ అవీ వద్దు చెల్లీ. ఆ తొర్ర ఇప్పించు, చాలు" అంది పైడమ్మ.

"వద్దనకే. జెండా ఇస్తే వాకిలికి పరదా కట్టుకుందాం" అని నవ్వింది సీతాలు.

చారుమతి కాగితం నింపి తొర్రల గుమాస్తా తాబేలు దగ్గరికి పరుగెత్తింది. తాబేలు దాన్ని ముక్కుకి ఆనించుకుని చదివాడు.

"పైడమ్మ, సీతాలు. రెండు పేర్లున్నాయి. బాగుంది."

"తాతా, వాళ్ళిద్దరూ..."

"నేనడిగానా? ఆ గడుల పైన ఏం రాసుందో నాకు ఇరవయ్యేళ్ళుగా కనబడదు. ఏదో ఒక సంఘం ముద్ర వేయించుకుని పౌర్ణమిలోపు పట్రా. తొర్ర వాళ్ళదే."

ఉడుత ఎగురుకుంటూ వచ్చి కాగితం అధ్యక్షుడి ముందు పెట్టింది. ఆయన మొహం ముడుచుకుంది.

"దొడ్డిదారినా? ఇది తొర్ర కాదమ్మా, చరిత్ర! ఈ దరఖాస్తు సభాపతి పులిగారి చేతికి వేదిక మీద, పదిమందీ చూస్తుండగా వెళ్ళాలి."

"ఈలోగా పౌర్ణమి దాటిపోతుంది సార్. సీతాలక్క తడిస్తే..."

"సీతాలు ఒక్కతేనా? ఈ అడవిలో ఎందరు సీతాలులు!" ఆ వాక్యం ఆయనకే ముచ్చటేసి, రాసుకోమన్నాడు.

చారుమతికి సర్టిఫికెట్ గుర్తొచ్చింది. నోరు మూసుకుని రాసుకుంది. తర్వాత అందుకు చాలా సిగ్గుపడింది. పడాల్సిందే కూడా.

పులిగారి వీలు దొరికేసరికి నెల గడిచింది. పౌర్ణమీ పోయింది, తాబేలు పుస్తకమూ మూసేశాడు. సభ మాత్రం ఘనంగా జరిగింది. పింఛధరరావు పురి విప్పి మాట్లాడాడు. వెనక కూర్చున్న గోరింకలకు ఆ ఈకల మాటున వేదిక కనబడలేదు.

పులిగారు దరఖాస్తు అందుకుని కళ్ళొత్తుకున్నారు. "ఈ విషయమై వెంటనే కమిటీ వేస్తున్నాను. ఇంత గొప్ప సంఘానికి సొంత ఆఫీసు లేకపోవడం మన అడవికే తలవంపులు! ఏటి గట్టు మద్దిచెట్టు తొర్రను సంఘానికే మంజూరు చేస్తున్నాను."

చప్పట్లు మోగాయి. పింఛధరరావు కొట్టబోయి, ఒక క్షణం ఆగి, అందరూ చూస్తున్నారని కొట్టాడు. సీతాలు బాగున్న రెక్కతో పైడమ్మను పొదువుకుంది. అది చూసి చారుమతికి ఏడుపు ఆగలేదు.

మర్నాడే ఆఫీసు ప్రారంభం. బోర్డు కట్టారు, దండ వేశారు. తీరా చూస్తే తొర్రలో అధ్యక్షుడి తల పట్టింది గానీ తోక పట్టలేదు. ఖాళీగా వదిలేస్తే సభ వెనక్కి లాక్కుంటుంది. ఆకాశం నల్లబడుతోంది.

చారుమతి సర్టిఫికెట్ తెచ్చి సంతకానికి పెట్టింది. దాని మీద ఇంకో కాగితం పెట్టింది.

"ముందు దీని మీద పెట్టండి సార్. దీని మీద పెట్టకపోతే నాకు రెండోది అక్కర్లేదు."

"ఏమిటిది?"

"ఆఫీసుకి కాపలా నియామకం. ఇద్దరు. పగలూ రాత్రీ లోపలే ఉండాలి."

ఆయన పేర్లు చూశాడు. "ఇద్దరూ ఆడవాళ్ళేనే! సభవాళ్ళు ఒప్పుకుంటారా?"

"కాపలా కాగితంలో ఆ గడి లేదు సార్."

పింఛధరరావు రెండిటి మీదా సంతకం పెట్టాడు. ఆ ఏడాది నివేదికలో 'నిరుపేద గోరింకలకు ఉపాధి కల్పన' అని తన బొమ్మతో సహా వేయించుకున్నాడు.

వాన దంచికొడుతుంటే తొర్రలో సీతాలు పొడిగా, వెచ్చగా కునుకు తీస్తోంది. గుమ్మంలో పైడమ్మ అడిగింది: "అయితే చెల్లీ, ఇప్పుడిది మా ఇల్లేనా?"

"కాదక్కా. ఆఫీసు. మీరు కాపలావాళ్ళు."

"మరి ఆ కమిటీ తేల్చి, మా హక్కు మాకిచ్చేస్తే?"

చారుమతి తల గోక్కుంది. "అప్పుడిక సంఘంతో పనుండదు. ఆఫీసు మూసేస్తారు. మీరు ఖాళీ చేసి, మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవాలి."

పైడమ్మ లోపల నిద్రపోతున్న సీతాలు వంక చూసి, గొంతు తగ్గించింది. "తొందరేం లేదని చెప్పమ్మా కమిటీవాళ్ళకి. నిదానంగా కానివ్వమను."

నీతి: హక్కు కావాలని వచ్చినవాళ్ళకి కమిటీ, కాపలా కాస్తామని వచ్చినవాళ్ళకి ఇల్లు.