జహూర్ భాయ్ పాలిష్ ర్యాంపు

ఆ రోజు పొద్దున తాండూరు శివారు బడికి వికారాబాద్ నుంచి ఎన్నికల అధికారి పద్మారాణి మేడం రావాలి. నడవలేని ఓటర్లు చక్రాల కుర్చీలో పోలింగ్ గది దాకా వెళ్లగలరా లేదా అని చూడాలి, సరే అనాలి, వెళ్లిపోవాలి. ర్యాంపు వేయించింది జహూర్ కాకపోయి ఉంటే అంతటితో అయిపోయేదే.

జహూర్‌కు బండల పాలిషింగ్ యూనిట్ ఉంది. సిమెంటు ర్యాంపు చాలని అందరూ అన్నారు. బండలకు పేరుపడ్డ తాండూరులో పుట్టి సిమెంటు ర్యాంపా! పరువేం కాను? సొంత బండలు తెచ్చి, ముఖం కనిపించేదాకా పాలిష్ పట్టించాడు. పైగా అది నడవలేని అక్క లాల్‌బీ కోసం. పోయిన ఎన్నికల్లో నలుగురు ఆమెను అడగకుండానే కుర్చీతో సహా ఎత్తుకుపోయారు. వరుసలో నిలబడ్డవాళ్లు నవ్వారు. "ఇంకోసారి నన్నెవరన్న ఎత్తిన్రంటే ఓటే వద్దు, ఇంట్లనే కూసుంట" అని ఆమె ఒట్టు పెట్టుకుంది.

"గింత నున్నగుంటే జారదా భాయ్?" అన్నాడు హెడ్మాస్టర్ శంకరప్ప.

"మన తాండూరు బండ జారుడేంది సార్? ఫికర్ చెయ్యకుండ్రి. ఆపా, ఎక్కు!" అని జహూర్ అక్కను పిలిచాడు.

లాల్‌బీ చక్రాలు తిప్పుకుంటూ సగం దాకా ఎక్కింది. అక్కడ చక్రాలు ముందుకు తిరుగుతున్నాయి, కుర్చీ మాత్రం వెనక్కి వస్తోంది. గేటు దగ్గరికి వచ్చాక గానీ ఆగలేదు.

"నాకు ర్యాంపు చేసినవా, పిల్లలకు జారుడుబండ చేసినవా?"

"జర దుమ్మున్నది ఆపా, గంతే" అంటూ జహూర్ సబ్బు నీళ్లతో కడిగించాడు. ఆ తర్వాత దాని మీద కుక్క కూడా నిలబడలేకపోయింది. అయినా జహూర్ ధైర్యం చెక్కుచెదరలేదు. టెంటు హౌసు నుంచి ఎర్ర తివాచీ తెప్పించి పై నుంచి కింద దాకా పరిచేశాడు.

ఎర్ర తివాచీ చూడగానే ఊళ్లోవాళ్లు మంత్రి వస్తున్నాడనుకున్నారు. ఒకరు పూలదండ తెచ్చారు. ఇంకొకరు డప్పులవాళ్లను పిలిచారు. మిగతావాళ్లు నీళ్లు రావడం లేదని, రోడ్డు లేదని అర్జీలు పట్టుకొచ్చారు. పాపం పద్మారాణి జీపు దిగేసరికి ఆమె మెడలో దండ పడింది.

"ఏందిది? నేను ర్యాంపు చూడనీకి వచ్చిన!"

"చూస్తురు గానీ, ముందు పైకి నడువుండ్రి మేడం!" అని వెనక నుంచి జనం తోశారు. మేడం తివాచీ మీద నాలుగడుగులు వేసింది. తివాచీ ఆమెతో పాటే బయలుదేరింది. ఇద్దరూ కలిసి కిందికి వచ్చారు.

కాలు బెణికింది. ఆమె నోరు తెరిచేలోపే నలుగురు కుర్చీ తెచ్చి, ఆమెను కూర్చోబెట్టి పైకెత్తేశారు.

"దించుండ్రి! నేను నడుస్త!"

"ఏం గాదు మేడం, ఆరాంగ కూసోండ్రి!" డప్పులు ఇంకా జోరందుకున్నాయి. అందరూ నవ్వుతున్నారు. లాల్‌బీకి కూడా నవ్వొచ్చింది కానీ, గాల్లో వేలాడుతూ చీర సర్దుకుంటున్న ఆ మనిషి ముఖం చూడగానే ఆగిపోయింది.

"బంద్ చెయ్యుండ్రి! దించుమంటున్నది ఇనవడ్తలేదా?" అని అరిచింది. డప్పులు ఆగాయి. కుర్చీ దిగింది.

"నన్నూ గిట్లనే ఎత్తిన్రు మేడం" అంది లాల్‌బీ, పక్కకు వచ్చి. "మస్తు సిగ్గయింది."

పద్మారాణి ఆమె చెయ్యి పట్టుకుంది. తర్వాత జహూర్ వైపు తిరిగింది. "భాయ్, ఉలి తెప్పియ్. బండలన్నీ గరుకుగ కావాలె. అప్పటిదాంక నేను గిక్కడ్నే కూసుంట."

తన పాలిష్ మీద తానే గాట్లు పెడుతుంటే జహూర్ కళ్లలో నీళ్లు తిరిగాయి. కళ్లలో దుమ్ము పడిందన్నాడు.

సాయంత్రం లాల్‌బీ చక్రాల మీద చేతులు వేసింది. సాయం పట్టబోయిన తమ్ముణ్ని కళ్లతోనే ఆపింది. ఒక్కతే కింద నుంచి పోలింగ్ గది గడప దాకా వెళ్లి, కుర్చీ తిప్పుకుని అందరినీ పైనుంచి చూసింది. "వస్త, ఓటేస్త" అంది.

ఇప్పుడు చుట్టుపక్కల ఎక్కడ ర్యాంపు వేసినా జహూర్‌నే పిలుస్తున్నారు. పాలిష్ పట్టడానికి ఒక రేటు, దాన్ని చెడగొట్టడానికి ఇంకో రేటు.