కొండ సైకిలుకు రెండు చుక్కలు

ఇలా దగ్గరికి జరగండి, వెనక కూర్చున్నవాళ్లు కూడా. గట్టిగా చెప్పే ఓపిక నాకు లేదు, చెప్పకుండా ఉండే ఓపిక అంతకన్నా లేదు. ఇది ఒక దర్జీ, ఆయన భార్య నర్సమ్మ, రెండు కొండ సైకిళ్లు, ఒక పెద్ద అధికారి కలిసి ఒక్క పూటలో చేసిన భాగోతం.

వాళ్ల వీధి సరిగ్గా కొండ మొదట్లో ఉంది. గడప దాటితే ఎక్కడమే తప్ప చదును దారి అన్నదే లేదు. కొండ మీద నలభై ఇళ్లు, వాటి మధ్య ఒక చిన్న ఆరోగ్య కేంద్రం. నర్సమ్మ వారానికి మూడు రోజులు టీకాల పెట్టె వీపున తగిలించుకుని, పాత కొండ సైకిలు మీద అక్కడికి వెళ్లాలి. ఆ సైకిలుకు లావు టైర్లున్నాయి, పన్నెండు గేర్లున్నాయి. ఎన్ని ఉంటేనేం, తిరగాల్సింది ఆమె రెండు మోకాళ్లే కదా! సగం దూరం తొక్కడం, సగం దూరం తోయడం, పెట్టెలో మంచు కరిగేలోపు పడుతూ లేస్తూ చేరడం.

"ఇంకో వానాకాలం నావల్ల కాదండీ. కరెంటు సైకిలు ఇస్తే సరే, లేకపోతే ఈ కొండ నాకొద్దని రాసిచ్చేస్తాను" అని ఆమె మొగుడితో తేల్చి చెప్పేసింది. ఆమె మానేస్తే ఆ నలభై ఇళ్లకు ఇంకో నర్సు రాదని ఇద్దరికీ తెలుసు. అందుకే ఇద్దరూ ఆ రోజు కోసం వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ వచ్చారు.

ఆ రోజు ఏమిటంటారా? సైకిలు మంజూరు చేయాల్సిన ఆరోగ్య శాఖ అధికారి గారు వచ్చే రోజు. కాలేజీలో ఉన్నప్పుడు ఆయన సైకిలు పందెంలో కప్పు గెలిచారట. ఆ కప్పు ఇప్పటికీ ఆఫీసు బల్ల మీదే ఉంటుంది, అందులో పెన్సిళ్లు పెట్టుకుంటారు. కాళ్లున్న మనిషికి మోటారు ఎందుకన్నది ఆయన వాదన. అయినా న్యాయంగా ఉండాలని, స్వయంగా వచ్చి ఎక్కి చూస్తానన్నారు. సైకిలు కొట్టు నడిపే మెకానిక్ పిల్ల దర్జీకి పిన్ని కూతురే. ఆ ఒక్క రోజుకు తన కొట్లోని కరెంటు సైకిలు పంపించింది. నర్సమ్మ దాని మీద, అధికారి గారు పాతదాని మీద. పైకి చేరాక మంజూరు కాగితం మీద సంతకం పెట్టడమో, అడ్డంగా గీత గీయడమో.

తెల్లవారగానే దర్జీ లేచి కూర్చున్నాడు. పెళ్లానికి ఇంత పెద్ద పరీక్ష, తను చేతులు ముడుచుకుని ఉంటే ఏం బాగుంటుంది? సైకిళ్లు రెండూ వరండాలోకి తెచ్చి తుడిచాడు. టైర్లు నొక్కి గాలి చూశాడు. పాత పళ్ల బ్రష్షుతో గొలుసు పళ్ల సందుల్లో మట్టంతా తోమాడు. అంతవరకు ఎవరూ వంక పెట్టలేరు. అప్పుడు చక్రం తిప్పి బ్రేకు కాస్త నొక్కాడు.

"కీచ్" అంది.

ముప్పై ఏళ్లుగా కుట్టుమిషన్‌తో కాపురం చేసిన మనిషి ఆయన. కీచుమన్న ప్రతిదానికీ ఆయన దగ్గర ఒకటే వైద్యం. తలుపు కీచుమంటే రెండు చుక్కలు, కత్తెర కీచుమంటే రెండు చుక్కలు. సన్న ముక్కు నూనె డబ్బా తెచ్చి, చక్రం మధ్యలో మెరుస్తున్న గుండ్రటి రేకుకు రెండు చుక్కలు వేశాడు. గుడ్డతో సమంగా పామాడు. ముందు చక్రానికి, వెనక చక్రానికి, ఈ సైకిలుకు, ఆ సైకిలుకు. మళ్లీ తిప్పాడు. పిల్లి నడిచినంత నిశ్శబ్దం! మురిసిపోయి, ఇక సైకిళ్ల జోలికి పోకుండా వెళ్లి స్నానం చేశాడు.

తొమ్మిదింటికి అధికారి గారు వచ్చారు, ప్యాంటు అంచులు మేజోళ్లలోకి దోపుకుని మరీ.

"అబ్బో, అద్దంలా ఉన్నాయే సైకిళ్లు!" అన్నారు.

"అంతా నేనే చేశాను సార్" అన్నాడు దర్జీ, రెండంగుళాలు పెరిగి.

ఇద్దరూ బయల్దేరారు. ఎత్తు దారి కదా, బ్రేకుతో పనే లేదు. తొక్కడం మానేస్తే సైకిలే ఆగిపోతుంది. మొదటి మలుపు దగ్గర నర్సమ్మ మీట నొక్కి మోటారు సాయం పెంచింది. పెడల్ మీద కాలు వేసీ వేయగానే సైకిలు ముందుకు దూకింది. వెనక్కి తిరిగి "నెమ్మదిగా రండి సార్!" అనేసరికి ఆయన చుక్కంత అయిపోయారు.

పావుగంట తర్వాత మెకానిక్ పిల్ల వచ్చింది. ఆమెదీ కరెంటు సైకిలే. బాగుచేసిన సైకిళ్లు చేరవేయడానికి దాని వెనక రెండు చక్రాల బండి ఒకటి తగిలించి ఉంటుంది.

"అన్నయ్యా, వదిన బయల్దేరిందా?"

"ఎప్పుడో! నీ సైకిలు కీచుకీచుమంటుంటే నేనే బాగుచేశానులే. నువ్వేం సిగ్గుపడకు."

"ఏం చేశావు?"

"మధ్యలో గుండ్రటి రేకు ఉంటుంది చూడు, దానికి రెండు చుక్కలు మిషన్ నూనె వేశా."

ఆ పిల్ల మొహంలో రక్తం లేదు. "డిస్క్‌కా? బ్రేకు డిస్క్‌కి నూనె వేశావా?"

"పేరేదైతేనేం. నా ఇంట్లో కీచుమనే హక్కు ఎవరికీ లేదు."

"అయ్యో అన్నయ్యా! ఆ రేకుని రెండు వైపులా బిళ్లలు గట్టిగా పట్టుకుంటేనే కదా సైకిలు ఆగేది! నూనె వేస్తే ఇక పట్టేదేముంది? ఏ సైకిలుకి వేశావు?"

"రెండింటికీ. ఒకదానికి వేసి ఇంకోదానికి మానేస్తే ఏం మర్యాద?"

అంటూనే ఆయనకు విషయం బుర్రకెక్కింది. ఎక్కేటప్పుడు ఫరవాలేదు. దిగేటప్పుడో? తొమ్మిది మలుపులు! ఫోన్ చేశాడు. నర్సమ్మ ఫోన్ ఆయన కుట్టుబల్ల మీదే, బట్టల కుప్ప కింద మోగింది. అధికారి గారి ఫోన్ అందుబాటులో లేదట. కొండ మీద మాట్లాడాలంటే ఆరోగ్య కేంద్రంలో తీగ ఫోన్ ఒక్కటే గతి. ఆ నంబరు నర్సమ్మ ఫోన్లోనే ఉంది, అది తెరవడం ఆయనకు చేతకాదు.

"ఎక్కు బండి!" అంది మెకానిక్ పిల్ల. కొట్టుకు పోయి, ఉన్న బ్రేకు బిళ్లలన్నీ జేబులో పోసుకుని, తుడవడానికి స్పిరిటు సీసా ఒకటి దర్జీ చేతిలో పెట్టింది. దాని మూత వదులు, నిటారుగా పట్టుకోకపోతే ఒలికిపోతుంది. బండిలో కూర్చోవడానికి చోటు లేదు, పడుకోవాల్సిందే. పడుకున్నాడు. దారి పొడవునా ఆయన దగ్గర బట్టలిచ్చినవాళ్లే, ఆ రోజు ఇస్తానని మాటిచ్చినవి అరడజను జతలున్నాయి. అందుకని తుండుగుడ్డ మొహం మీద కప్పుకున్నాడు.

ఇక చూసుకోండి. గంట గణగణ మోగిస్తూ పిల్ల తొక్కుతోంది, వెనక బండిలో మొహం కప్పుకుని మనిషి, మెడలో దర్జీ కొలత టేపు, ఛాతీ మీద సీసా. ఇస్త్రీ కొట్టు అత్త ఇస్త్రీ పెట్టె పట్టుకునే రోడ్డు మీదికి వచ్చింది.

"ఏమైందే పిల్లా?"

"ఆగడానికి లేదత్తా! ఆలస్యమైతే ప్రాణాపాయం!"

అబద్ధం కాదు. కానీ ఎవరి ప్రాణమో చెప్పే వ్యవధి లేకపోయింది. అత్తకు గుండె జారిపోయింది. మంచి మనిషి, ఊరుకుంటుందా? గోడ మీద బొగ్గుతో రాసుకున్న నంబరు చూసి ఆరోగ్య కేంద్రానికి ఫోన్ చేసింది.

పైన ఏం జరుగుతోందంటే, నర్సమ్మ చేరి అప్పటికే అరగంటైంది. పెట్టెలో మంచు గడ్డ గడ్డలాగే ఉంది. ముగ్గురు పిల్లలకు టీకాలు వేసింది, ఒక ముసలాయన కాలి కట్టు మార్చింది. అప్పుడు అధికారి గారు సైకిలును తోసుకుంటూ వచ్చి, అరుగు మీద కూలబడి మూడు గ్లాసుల నీళ్లు తాగారు.

"ఏం... ఫరవాలేదు" అన్నారు రొప్పుతూ. "పాత సైకిలే... చాలు. కాస్త... అలవాటు కావాలి, అంతే."

కళ్లద్దాలు పెట్టుకుని మంజూరు కాగితం తీశారు. పెన్ను మూత కూడా తీశారు. నర్సమ్మ కిటికీలోంచి ఎటో చూస్తోంది, కళ్లలో నీళ్లు తిరగకుండా. అంతలో ఫోన్ మోగింది.

"అమ్మా నర్సమ్మా! మీ ఆయన్ని బండిలో వేసుకొస్తున్నారే! మొహం మీద గుడ్డ కప్పేశారు! చేతిలో సీసా ఉంది, ఏం తాగాడో ఏమో!"

ఇస్త్రీ కొట్టు అత్త గొంతు అరుగు దాకా వినబడింది, నర్సమ్మ ఫోన్ వదిలేసి గుమ్మంలోకి పరుగెత్తింది. అధికారి గారు, ఎంత మొండి మనిషైనా మనసు వెన్న. పెన్ను, కళ్లద్దాలు, కాగితం అన్నీ అక్కడే పడేసి లేచారు. "నువ్వు కంగారులో ఉన్నావమ్మా, నేను ముందు వెళ్తాను. ఆ కరెంటు సైకిలు నాకివ్వు, వేగంగా పోతుంది!"

దిగే దారిలో కరెంటుకు పనేముంది చెప్పండి? కానీ ఆ సమయంలో ఆయనకు చెప్పేదెవరు! పాతిక కిలోల సైకిలు ఎక్కి బాణంలా బయల్దేరారు. నర్సమ్మ పాతది ఎక్కి పది గజాలు పోయేసరికి బ్రేకు పట్టకపోవడం తెలిసిపోయింది. రోజూ దిగే దారి, రోజూ పట్టే చెయ్యి. వెంటనే పొదల్లోకి తిప్పి కాళ్లు ఆనించి ఆగింది.

"సార్! ఆగండి! బ్రేకుల్లేవు!" అని గొంతు చించుకుంది.

ఆయనకు కేక వినబడింది గానీ మాట గాలిలో కలిసిపోయింది. పాపం మొగుడి కోసం ఏడుస్తోందనుకుని ఇంకో నాలుగు తొక్కులు గట్టిగా తొక్కారు.

మొదటి మలుపు దగ్గర బ్రేకు నొక్కారు. ఏమీ లేదు. రెండు చేతులతో రెండూ నొక్కారు. వెన్న పిసికినట్టుంది. రెండో మలుపు ఎలా తిరిగారో ఆయనకే తెలియదు. మూడో మలుపుకు మేకలు పక్కకు తప్పుకున్నాయి. ఆయన నోట్లోంచి వచ్చే కేక కొండంతా మారుమోగుతోంది. నాలుగో మలుపులో ఎదురుగా మెకానిక్ పిల్ల సైకిలు, వెనక బండి కనబడ్డాయి. ఆ కేకకు దర్జీ తుండుగుడ్డ లాగేసి బండిలో లేచి నిలబడ్డాడు.

"నువ్వు బతికే ఉన్నావా!" అన్నారు అధికారి గారు, దూసుకుపోతూ.

"సార్, బ్రేకు లేదు సార్!"

"నాకు తెలుసయ్యా!"

మెకానిక్ పిల్ల ఒక్కతే బుర్ర వాడింది. "సార్! ఎడమ వైపు నీళ్ల ట్యాంకు దారి! ఎత్తుగా ఉంటుంది! అటు తిప్పండి!"

తిప్పారు. ఆ వేగానికి సైకిలు ట్యాంకు దారిలో పైపైకి పోయింది, పోయింది, నెమ్మదించింది, ఆగింది. "ఆగింది! ఆగింది!" అని ఆయన రెండు చేతులూ పైకెత్తారు. ఎత్తు దారిలో ఆగిన సైకిలు ఊరుకుంటుందా? వెనక్కి మొదలెట్టింది. చివరికి దాన్ని గడ్డిలోకి పడేసి, పక్కనే తనూ చతికిలబడ్డారు. ఒంటి మీద గీత లేదు, దేవుడి దయ. మేజోళ్ల నిండా గడ్డిగింజలు మాత్రం ఉన్నాయి.

నర్సమ్మ సైకిలు నడిపించుకుంటూ పరుగున వచ్చింది. నిలబడి ఉన్న మొగుణ్ని తల నుంచి కాలిదాకా తడిమి చూసింది. మరుక్షణం, "ఏం తాగారు?" అంది.

"తాగలేదే. తుడవడానికి."

"ఏం తుడవడానికి?"

దర్జీ నోరు విప్పేలోపు అధికారి గారు లేచారు. "అయిపోయింది! ఇది సైకిలు కాదు, దెయ్యం! ఈ మోటారు మనిషిని ఈడ్చుకుపోతుంది! దీన్ని మంజూరు చేస్తే నీ ప్రాణం తీసినవాణ్ని అవుతాను. పాత సైకిలే భద్రం!"

నర్సమ్మ మోకాళ్లు పట్టుకుని రాయి మీద కూర్చుంది. అది చూసి దర్జీ తట్టుకోలేకపోయాడు.

"మోటారు తప్పు కాదు సార్. నాది. పొద్దున కీచుమంటుంటే నేనే నూనె వేశాను."

"భార్య కోసం నింద మీద వేసుకుంటున్నావు. నేను నమ్మను."

"నమ్మకపోతే ఈ పాతదాన్ని చూడండి సార్, దీనికీ వేశాడు మా అన్నయ్య" అంటూ మెకానిక్ పిల్ల పాత సైకిలును తలకిందులు చేసి, చక్రం తిప్పి, బ్రేకు పూర్తిగా నొక్కింది. చక్రం తిరుగుతూనే ఉంది. అందరూ చూస్తున్నారు. ఇంకా తిరుగుతూనే ఉంది.

"మీరు చెప్పిన భద్రమైన సైకిలు ఇదే సార్" అంది.

అధికారి గారు దర్జీ వైపు చూశారు, చక్రం వైపు చూశారు. ఆ పిల్ల అక్కడే కూర్చుని రెండు సైకిళ్ల డిస్కులూ స్పిరిటుతో తుడిచింది, పాత బిళ్లలు పీకి కొత్తవి వేసింది. చక్రాలు తిప్పి నొక్కితే ఠక్కున ఆగాయి, కీచుమంటూ. దర్జీ చెవులు మూసుకున్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది అధికారి గారికి. కళ్లద్దాలు, కాగితం, పెన్ను అన్నీ పైనే ఉన్నాయి. మళ్లీ ఎక్కాలి!

ఎదురుగా రెండు సైకిళ్లు నిలబడి ఉన్నాయి. ఆయన పాతదాన్ని చూశారు. తలెత్తి కొండను చూశారు. పొద్దుటి దారంతా కళ్ల ముందు తిరిగినట్టుంది. ఆయన చెయ్యి తనంతట తానే వెళ్లి కరెంటు సైకిలు హ్యాండిల్ మీద పడింది.

"సార్, పాతది ఇది" అంది నర్సమ్మ మెల్లగా.

ఆయన గొంతు సవరించుకున్నారు. "పరీక్ష అన్నాక రెండూ ఎక్కి చూడాలి కదమ్మా."

రెండు మలుపులు తిరిగేసరికి పైనుంచి నవ్వు వినబడింది. "తోస్తోందమ్మా! వెనక నుంచి ఎవరో తోస్తున్నట్టుంది! ఒరేయ్ మేకల్లారా, తప్పుకోండి!" ఆయన కేకలు విని మెకానిక్ పిల్ల పొట్ట పట్టుకుని నవ్వింది. నర్సమ్మ నవ్వుతూనే ఏడ్చేసింది. దర్జీకి ఏం చేయాలో తోచక తుండుగుడ్డ అందించాడు.

అరగంటకు ఆయన దిగివచ్చారు, బ్రేకులు పట్టి పట్టి, మలుపు మలుపుకూ ఆగుతూ. కాగితం నర్సమ్మ చేతికిచ్చారు. సంతకం ఉంది. ఒక కరెంటు సైకిలు కొండ నర్సుకు, వెంటనే. దాని కింద ఇంకో వరుస ఉంది. నర్సు పని సరిగా జరుగుతోందో లేదో వారానికి మూడు రోజులు కొండెక్కి చూడడానికి, అధికారికి ఇంకొకటి.

ఇదమ్మా సంగతి. గుర్తుపెట్టుకోండి, మీ వాళ్లకూ చెప్పండి. ఆ అధికారి గారు ఎదురుగా ఉన్నప్పుడు మాత్రం, దర్జీ ప్రాణం కాపాడాలని కావాలనే బ్రేకు వేయకుండా దిగారని చెప్పండి. ఆయనా అలాగే చెబుతున్నారు.